ఐరోపాలో సరిహద్దు దాటే సుందర రైలు ప్రయాణాలు: చవక టికెట్ల తీరుతెన్నులు

ఐరోపాలో కొండ కనుమల మీదుగా, నదీ లోయల వెంబడి, సరస్సుల అంచున ఒక దేశం నుంచి మరో దేశంలోకి వెళ్లే రైలు మార్గాలు చాలా ఉన్నాయి. వీటిలో పేరుపడ్డవి ఎక్కువగా 19వ శతాబ్ది ద్వితీయార్ధానికీ 1930కీ మధ్య వేసినవి. పొడవైన సొరంగాలు తవ్వే సాంకేతికత అప్పటికి అంతగా ఎదగలేదు. అందుకే ఆనాటి ఇంజనీర్లు పట్టాలను కొండ చుట్టూ తిప్పి, లోయల మీద వంతెనలు కట్టి పైకి చేర్చారు. ఈనాడు ప్రయాణికులు చూడవస్తున్న దృశ్యాలన్నీ ఆ చుట్టుదారి చలవే.

ఇలాంటి దారుల్లో ఒకే దృశ్యాన్ని చూస్తూ వెళ్లే ఇద్దరు చెల్లించే ఛార్జీల మధ్య చాలా తేడా ఉండవచ్చు. టికెట్ ఎప్పుడు కొన్నారు, ఏ దేశపు రైల్వే దగ్గర కొన్నారు, ఏ రకం బండి ఎక్కారు అనే మూడింటిని బట్టి ఆ తేడా వస్తుంది. దృశ్యం బాగుంటే ఛార్జీ కూడా ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ డబ్బు పోయేది వేగానికి, అద్దాల పైకప్పుకు, చివరి నిమిషంలో కొన్నందుకు. నెమ్మదిగా వెళ్లే స్థానిక రైలు తరచుగా తక్కువ ఛార్జీకే అదే దృశ్యాన్ని, కొన్నిసార్లు అంతకన్నా మంచి దృశ్యాన్ని చూపిస్తుంది.

నేపథ్యం

పలు దేశాల గుండా ఒకే ఏర్పాటు మీద ప్రయాణించడం అనే ఆలోచనకు బెల్జియం వ్యాపారి జార్జ్ నాగెల్‌మాకెర్స్ వాణిజ్య రూపం ఇచ్చాడు. ఆయన ఒక్కో దేశపు రైల్వేతో విడిగా ఒప్పందం కుదుర్చుకుని 1883 అక్టోబరులో పారిస్ నుంచి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌ను బయల్దేరదీశాడు. గమ్యమైన కాన్‌స్టాంటినోపుల్ దాకా నేరుగా పట్టాలు లేకపోవడంతో ఆ తొలి ప్రయాణికులు చివరి మజిలీలో ఓడ ఎక్కాల్సి వచ్చింది. అది సంపన్నుల ప్రయాణం. 1957లో మొదలైన ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్ రైళ్లలోనూ మొదటి తరగతి మాత్రమే ఉండేది. 1987లో యూరోసిటీ రైళ్లు రెండో తరగతితో ప్రవేశించాక సరిహద్దు దాటే మంచి రైళ్లు సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి.

చవక ప్రయాణంలో అసలు మలుపు పాస్‌లతో వచ్చింది. ఐరోపా బయట నివసించేవారి కోసం 1959లో యురైల్ పాస్ మొదలైంది. అంతర్జాతీయ రైల్వే సంఘం యాభై ఏళ్ల సందర్భంగా 1972లో ఐరోపా యువత కోసం ఇంటర్‌రైల్ పాస్ వచ్చింది. మొదట్లో అది 21 ఏళ్ల దాకా వయసున్నవారికే. ఇప్పుడు ఏ వయసువారైనా కొనుక్కోవచ్చు. ఐరోపా సమాఖ్యలో అంతర్జాతీయ ప్రయాణికుల రైళ్లను నడిపే అవకాశం 2010 నుంచి ప్రైవేటు సంస్థలకూ లభించింది. చెక్ సంస్థ రెజియోజెట్, ఆస్ట్రియా సంస్థ వెస్ట్‌బాన్ వంటివి పోటీకి దిగిన మార్గాల్లో ప్రయాణికులకు ఎంచుకునే వీలు పెరిగింది.

ఛార్జీ ఎలా ఏర్పడుతుంది

ఐరోపా రైలు ఛార్జీలు స్థూలంగా రెండు రకాలు. మొదటిది దూరాన్ని బట్టి ఉండే స్థిర ఛార్జీ. ఇటలీ ప్రాంతీయ రైళ్లు, స్విట్జర్లాండ్ మామూలు టికెట్లు, స్లొవేనియా స్థానిక రైళ్లు ఈ కోవలోవి. వీటికి రెండు నెలల ముందు కొన్నా, బండి కదిలే పది నిమిషాల ముందు కౌంటర్లో కొన్నా ఛార్జీ ఒకటే. ముందుగా కొనడం వల్ల లాభం లేదు, ఆలస్యంగా కొనడం వల్ల నష్టమూ లేదు.

రెండోది గిరాకీని బట్టి మారే ఛార్జీ. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్, చెక్ రిపబ్లిక్, స్వీడన్‌ల దూరప్రాంత రైళ్లలో ఇదే పద్ధతి. ప్రతి రైలులో కొన్ని సీట్లను అతి తక్కువ ధరకు కేటాయిస్తారు. అవి అమ్ముడయ్యాక తర్వాతి ధర, ఆ తర్వాత ఇంకో ధర తెరుస్తారు. జర్మన్ రైల్వే డాయిచ్ బాన్ ఈ రాయితీ టికెట్‌ను స్పార్‌ప్రైస్ అంటుంది, ఆస్ట్రియా రైల్వే ఓబీబీ స్పార్‌షీనె అంటుంది. అమ్మకాలు సాధారణంగా ప్రయాణానికి కొన్ని నెలల ముందే మొదలవుతాయి. ఐరోపా అంతటా కొత్త టైంటేబుల్ డిసెంబరు రెండో వారాంతంలో అమల్లోకి వస్తుంది కనుక, ఆ తేదీ దాటిన ప్రయాణాలకు టికెట్లు కొంత ఆలస్యంగా తెరుచుకోవడం మామూలే.

రాయితీ టికెట్‌కు ఒక షరతు ఉంటుంది. అది టికెట్‌లో రాసిన రైలుకే చెల్లుతుంది. ఆ బండి తప్పిపోతే టికెట్ పోయినట్టే. పూర్తి ఛార్జీ టికెట్ తీసుకుంటే ఆ రోజు ఆ మార్గంలో వెళ్లే రైళ్లలో నచ్చినది ఎక్కవచ్చు. అందువల్ల మధ్యలో దిగి ఒక పూట చూసి వెళ్లాలనుకునేవారు ముందే ప్రయాణాన్ని ముక్కలు చేసి, ముక్కకో టికెట్ కొనుక్కోవాలి.

భారతీయ రైల్వేకు అలవాటు పడినవారికి ఇక్కడ ఒక సంగతి కొత్తగా అనిపిస్తుంది. ఈ రైళ్లలో వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ, తత్కాల్ అనేవి లేవు. చాలా యూరోసిటీ, ప్రాంతీయ రైళ్లలో టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. రిజర్వేషన్ లేకుండానూ బండి ఎక్కవచ్చు. ఖాళీ సీటు దొరికితే కూర్చోవచ్చు, లేకపోతే నిలబడి వెళ్లాలి. రద్దీ ఎక్కువగా ఉండే వేసవి వారాంతాల్లో కొద్ది యూరోలు కట్టి సీటు పట్టుకోవడం మేలు.

సరిహద్దు దగ్గర ఏం జరుగుతుంది

సరిహద్దు దాటే రైలును చాలాచోట్ల రెండు దేశాల రైల్వేలు కలిసి నడుపుతాయి. ప్రాగ్–డ్రెస్డెన్–బెర్లిన్ రైలు అలాంటిదే. చెక్ రైల్వే తన వెబ్‌సైట్‌లో, జర్మన్ రైల్వే తన వెబ్‌సైట్‌లో అదే రైలుకు వేర్వేరు రాయితీ ధరలతో టికెట్లు అమ్ముతాయి. ఒకచోట చవక సీట్లు అయిపోయినా రెండోచోట మిగిలి ఉండవచ్చు. అందుకే బయల్దేరే దేశపు ధర, చేరుకునే దేశపు ధర రెండూ చూడకుండా కొనకూడదన్నది అనుభవజ్ఞుల మొదటి సూత్రం.

రెండో సూత్రం ప్రయాణాన్ని సరిహద్దు దగ్గర విడగొట్టడం. ఒక దేశంలో నెలవారీ పాసో, రాయితీ కార్డో ఉన్నవారు సరిహద్దు స్టేషన్ దాకా దాన్ని వాడుకుని, అవతలి దేశం ముక్కకు మాత్రమే టికెట్ కొనవచ్చు. లక్సెంబర్గ్‌లో 2020 మార్చి నుంచి రెండో తరగతి రైలు ప్రయాణం అందరికీ ఉచితం. అక్కడి నుంచి పొరుగు దేశానికి వెళ్లేవారు సరిహద్దు అవతలి దూరానికి చెల్లిస్తే చాలు.

దగ్గరగా ఒక మార్గం: బెర్నినా

స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలోని టిరానో దాకా రేటియన్ రైల్వే నడిపే మార్గం 61 కిలోమీటర్లు. 1910లో పూర్తయిన ఈ మీటర్ గేజ్ దారిలో రైలు పళ్లపట్టా సాయం లేకుండానే 7 శాతం వాలు ఎక్కుతుంది. అంటే ప్రతి 100 మీటర్లకు 7 మీటర్ల ఎత్తు. ఓస్పిజియో బెర్నినా స్టేషన్ సముద్రమట్టానికి 2,253 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి 429 మీటర్ల దగ్గరున్న టిరానోకు దిగేసరికి మంచు దిబ్బలు పోయి ద్రాక్షతోటలు వస్తాయి. దీన్నీ, దీనికి ఉత్తరాన ఉన్న ఆల్బులా మార్గాన్నీ కలిపి యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కనుమ శిఖరాన రెండు సరస్సులు పక్కపక్కనే ఉంటాయి. లే నైర్ అంటే నల్ల సరస్సు. దాని నీరు ఇన్ నది మీదుగా డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రం చేరుతుంది. లాగో బియాంకో అంటే తెల్ల సరస్సు. దాని నీరు పో నది ద్వారా ఏడ్రియాటిక్ సముద్రానికి పోతుంది. రైలు ఈ రెంటి అంచునే వెళుతుంది. టిరానో వైపు వెళ్లేవారికి తెల్ల సరస్సు కుడిచేతి కిటికీ నుంచి కనిపిస్తుంది. ఆ తర్వాత ఆల్ప్ గ్రుమ్ స్టేషన్ దగ్గర పాలూ హిమానీనదం, బ్రూసియో దగ్గర తొమ్మిది కమానుల వలయ వంతెన వస్తాయి. ఈ వంతెన మీద రైలు పూర్తి చుట్టు తిరిగి తన కిందుగా తానే వెళుతుంది. నిటారు లోయలో తక్కువ చోటులో ఎత్తు తగ్గించడానికి ఆనాటి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయమది. చివర టిరానోలో రైలు మడోన్నా చర్చి ముందు నడిరోడ్డు మీద కార్ల మధ్యగా సాగి స్టేషన్ చేరుతుంది.

ఈ పట్టాల మీద రెండు రకాల బండ్లు తిరుగుతాయి. బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కు పైకప్పు దాకా అద్దాలున్న పెట్టెలు ఉంటాయి. దానికి మామూలు టికెట్ కాక సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి విడిగా రుసుము కట్టాలి. ప్రాంతీయ రైలు మధ్య స్టేషన్లలో ఆగుతూ అదే పట్టాల మీద వెళుతుంది, రిజర్వేషన్ అక్కర్లేదు. దాని కొన్ని పెట్టెల్లో కిటికీ అద్దం కిందికి దించుకోవచ్చు. ఎక్స్‌ప్రెస్ అద్దాలు తెరుచుకోవు, ఫొటోల్లో వెలుగు ప్రతిబింబాలు పడతాయి. అందుకే ఫొటోల కోసం వచ్చేవారిలో చాలామంది ప్రాంతీయ రైలునే ఎంచుకుంటారు. ఆల్ప్ గ్రుమ్‌లో దిగి ఒక గంట గడిపి వెనక వచ్చే బండి ఎక్కడం కూడా ఇందులోనే కుదురుతుంది. విశాఖ–అరకు దారిలో అద్దాల పెట్టెకూ మామూలు పెట్టెకూ ఉన్న తేడా లాంటిదే ఇదీ.

టిరానోలో స్విస్ స్టేషన్, ఇటలీ స్టేషన్ పక్కపక్కనే ఉంటాయి. అక్కడి నుంచి మిలాన్‌కు సుమారు రెండున్నర గంటల ప్రాంతీయ రైలుంది. దాని ఛార్జీ స్థిరం. ఈ రైలు వాల్తెల్లీనా లోయ దాటి కోమో సరస్సు తూర్పు గట్టు వెంబడి పోతుంది. సరస్సు కుడివైపున ఉంటుంది. స్విస్ ముక్కకో టికెట్, ఇటలీ ముక్కకో టికెట్ విడిగా కొనుక్కుంటే చాలు. స్విట్జర్లాండ్‌లో ముందుగా కొంటే చవకగా దొరికే సేవర్ డే పాస్ ఉన్నవారికి ఆ రోజు స్విస్ ప్రయాణమంతా అందులోనే కలిసిపోతుంది. ఈ పాస్ ఆరు నెలల ముందు అమ్మకానికి వస్తుంది, తేదీ దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది.

ఇతర ముఖ్య మార్గాలు

ఎల్బే లోయ (జర్మనీ–చెక్ రిపబ్లిక్): డ్రెస్డెన్ దాటాక రైలు ఇసుకరాతి శిఖరాల మధ్య ఎల్బే నది గట్టు మీదుగా వెళుతుంది. ప్రాగ్ వైపు వెళ్లేవారికి నది ఎడమ చేతివైపు. యూరోసిటీ టికెట్ ముందే కొంటే చవక. అంతకన్నా చవకైన పద్ధతి డ్రెస్డెన్ నుంచి ష్యోనా దాకా నగర రైలులో పోవడం. ష్యోనా జర్మనీవైపు చివరి స్టేషన్, నదికి అవతలి గట్టు చెక్ గ్రామం హ్ర్‌షెన్‌స్కో. రెంటి మధ్య పడవ తిరుగుతుంది. ఈ సరిహద్దు ప్రాంతంలో ఒక రోజంతా రెండు దేశాల స్థానిక రైళ్లలో తిరగడానికి ఎల్బే–లాబే టికెట్ అనే ఉమ్మడి టికెట్ కూడా ఉంది.

ఆర్ల్‌బెర్గ్ (స్విట్జర్లాండ్–లీఖ్టెన్‌స్టైన్–ఆస్ట్రియా): జ్యూరిచ్ నుంచి ఇన్స్‌బ్రుక్ మీదుగా వియన్నా వెళ్లే రైల్‌జెట్ రైళ్లు ఈ దారిన మూడు దేశాలు దాటుతాయి. 1884లో తెరిచిన ఆర్ల్‌బెర్గ్ సొరంగం 10 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. జ్యూరిచ్ సరస్సు, వాలెన్ సరస్సు మొదట ఎడమవైపు వస్తాయి. బుక్స్ స్టేషన్‌లో రైలు దిశ మార్చుకోవడంతో అక్కడి నుంచి ఎడమ కిటికీ కుడి కిటికీ అవుతుంది. ఓబీబీ రాయితీ టికెట్ తొందరగా కొంటే పడే తక్కువ ధరకు ఐరోపాలో ఇంత పొడవైన పర్వత ప్రయాణం దొరకడం అరుదు.

బ్రెన్నర్ (జర్మనీ–ఆస్ట్రియా–ఇటలీ): మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్, బొల్జానో మీదుగా వెరోనా వెళ్లే దారి. 1867లో తెరిచిన ఈ మార్గం 1,371 మీటర్ల ఎత్తున కనుమ దాటుతుంది. టికెట్‌ను జర్మన్, ఆస్ట్రియా రైల్వేలు రెండూ అమ్ముతాయి. బ్రెన్నర్ స్టేషన్ దాకా ఒక ప్రాంతీయ టికెట్, అక్కడి నుంచి ఇటలీ స్థిర ఛార్జీ టికెట్ తీసుకుని నెమ్మదిగా పోవడం మరో పద్ధతి.

గొట్‌హార్డ్ (స్విట్జర్లాండ్–ఇటలీ): జ్యూరిచ్–మిలాన్ యూరోసిటీ రైళ్లు 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల అడుగు సొరంగం (కొండ పాదం దగ్గరి నుంచే తవ్వినది) గుండా పోతాయి. సమయం కలిసి వస్తుంది, కిటికీలో చీకటి తప్ప ఏమీ కనిపించదు. 1882 నాటి పాత దారి ఇప్పటికీ సజీవం. ట్రెనో గొట్టార్డో అనే రైలు దాని మీద అదనపు రుసుమేమీ లేకుండా నడుస్తుంది. కొండ ఎక్కడానికి పట్టాలు మెలికలు తిరగడం వల్ల వాసెన్ గ్రామపు తెల్ల చర్చి ఈ రైలు నుంచి మూడుసార్లు, మూడు ఎత్తుల్లో కనబడుతుంది. దక్షిణాన బెల్లిన్‌జోనా నుంచి కోమో, మిలాన్ వైపు స్థానిక రైళ్లున్నాయి.

చెంతోవల్లి (స్విట్జర్లాండ్–ఇటలీ): లొకార్నో నుంచి దోమోదొస్సోలాకు 52 కిలోమీటర్లు, రెండు గంటల మీటర్ గేజ్ ప్రయాణం. పేరుకు అర్థం నూరు లోయలు. 1923లో తెరిచిన ఈ మార్గంలో 80కి పైగా వంతెనలున్నాయి. దోమోదొస్సోలా నుంచి సింప్లాన్ సొరంగం ద్వారా మళ్లీ స్విట్జర్లాండ్ వైపు, లేదా మిలాన్ వైపు వెళ్లవచ్చు.

తెండా (ఇటలీ–ఫ్రాన్స్–ఇటలీ): కూనెయో నుంచి వెంతిమీలియా వెళ్లే ఇటలీ ప్రాంతీయ రైలు మధ్యలో ఫ్రాన్స్ భూభాగంలోకి వెళ్లి, మళ్లీ ఇటలీలోకి వస్తుంది. 1928లో తెరిచిన ఈ దారి రెండో ప్రపంచ యుద్ధంలో ధ్వంసమై 1979లో గానీ మళ్లీ నడవలేదు. 1947 శాంతి ఒప్పందంతో తెండా ప్రాంతం ఫ్రాన్స్‌కు దక్కింది. ముస్సోలినీ కాలంలో సరిహద్దు స్టేషన్‌గా కట్టిన సెయింట్ దల్మాస్ భవనం ఇప్పుడు చిన్న ఊళ్లో ఊరికన్నా పెద్దదిగా నిలిచి ఉంది.

బోహిన్ మార్గం (స్లొవేనియా–ఇటలీ): 1906 నాటి ఈ దారి బ్లెడ్ సరస్సు పక్కగా, సోచా నది లోయలోకి దిగుతుంది. సోల్కాన్ దగ్గర 85 మీటర్ల కమానుతో రాతి వంతెన ఉంది. రాతి కమాను రైలు వంతెనల్లో ప్రపంచంలో ఇదే పెద్దది. నోవా గొరిత్సా స్టేషన్ ముందున్న మైదానంలోనే ఇటలీ సరిహద్దు గీత ఉంటుంది. అక్కడి కంచెను 2004లో తీసేశారు. స్టేషన్ బయటికొచ్చి నాలుగడుగులు వేస్తే ఇటలీలోని గొరీత్సియా. రైలు టికెట్ స్లొవేనియా ఛార్జీతో అక్కడికి ముగుస్తుంది, అవతల ఇటలీ టికెట్ మొదలవుతుంది.

పిరనీస్ (ఫ్రాన్స్–స్పెయిన్): తూలూజ్ నుంచి లాతూర్ ద కరోల్ దాకా ఫ్రెంచ్ రైలు, అక్కడి నుంచి బార్సిలోనాకు స్పెయిన్ స్థానిక రైలు. లాతూర్ ద కరోల్ స్టేషన్‌లో మూడు గేజ్‌ల పట్టాలు పక్కపక్కన కనిపిస్తాయి: ఫ్రెంచ్ ప్రామాణిక గేజ్, పసుపు రైలు అనే స్థానిక రైలు నడిచే మీటర్ గేజ్, స్పెయిన్ బ్రాడ్ గేజ్. స్పెయిన్ గేజ్ 1,668 మిల్లీమీటర్లు. భారతీయ బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు కాబట్టి రెంటికీ తేడా 8 మిల్లీమీటర్లే.

ఇనుప ఖనిజ మార్గం (స్వీడన్–నార్వే): స్టాక్‌హోమ్ నుంచి కిరునా మీదుగా నార్విక్. కిరునా దాటాక తోర్నెత్రెస్క్ సరస్సు, అబిస్కో, ఆపైన సముద్రపు పాయలోకి నిటారుగా దిగే కొండ వాలు వస్తాయి. నార్వేలోని నార్విక్‌కు నార్వే రైల్వే జాలంతో సంబంధం లేదు. అక్కడికి రైలులో వెళ్లాలంటే స్వీడన్ గుండా వెళ్లక తప్పదు.

బెల్‌గ్రేడ్–బార్ (సెర్బియా–మాంటెనెగ్రో): 1976లో పూర్తయిన ఈ 476 కిలోమీటర్ల దారిలో 254 సొరంగాలు, 435 వంతెనలు ఉన్నాయి. మాలా రియెకా వంతెన లోయ అడుగు నుంచి 198 మీటర్ల ఎత్తు. 2001లో చైనాలో ఒక వంతెన వచ్చేదాకా ప్రపంచంలో ఎత్తైన రైలు వంతెన ఇదే. పశ్చిమ ఐరోపాతో పోలిస్తే ఛార్జీ చాలా తక్కువ. టికెట్‌ను స్టేషన్ కౌంటర్లోనే కొనడం వాడుక. పట్టాల మరమ్మతుల కాలంలో బండ్లు ఆగిపోతుంటాయి కనుక బయల్దేరే ముందు రైలు నడుస్తోందో లేదో చూసుకోవాలి.

పాస్‌లు ఎవరికి లాభం

యురైల్, ఇంటర్‌రైల్ పాస్‌లు రెండూ 33 దేశాల్లో చెల్లుతాయి. తేడా నివాసంలో ఉంది. భారతదేశంలో నివసించేవారికి యురైల్. జర్మనీలో చదువుకుంటున్న, ఐర్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగువారికి పాస్‌పోర్టు భారతీయమే అయినా ఇంటర్‌రైల్. ఇంటర్‌రైల్‌లో తాము నివసించే దేశంలో ఒక వెళ్లే ప్రయాణం, ఒక తిరుగు ప్రయాణం మాత్రమే పాస్ మీద చేయవచ్చు. 27 ఏళ్ల దాకా యువత ధర, 60 నిండినవారికి వృద్ధుల ధర ఉన్నాయి. పెద్దవారి వెంట 11 ఏళ్ల దాకా పిల్లలకు ఉచిత పాస్ లభిస్తుంది.

పాస్‌తో ఎక్కడ లాభమో ఎక్కడ నష్టమో కొంచెం లెక్క వేసుకోవాలి. ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లు, రాత్రి రైళ్లు పాస్ ఉన్నవారి దగ్గర కూడా రిజర్వేషన్ రుసుము వసూలు చేస్తాయి. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీ, చెక్ రిపబ్లిక్‌లలో చాలా రైళ్లకు ఆ అవసరం లేదు. రెండు మూడు ప్రయాణాలు మాత్రమే అనుకుని, తేదీలు ఖాయమై ఉన్నవారికి ముందుగా కొన్న విడి టికెట్లే చవక. వాతావరణం చూసుకుని ఉదయం లేచాక దారి నిర్ణయించుకునేవారికీ, స్థిర ఛార్జీ ఎక్కువగా ఉండే స్విట్జర్లాండ్‌లో ఎక్కువ రోజులు తిరిగేవారికీ పాస్ కలిసివస్తుంది.

జర్మనీలో ఉన్నవారికి మరో దారి డాయిచ్‌లాండ్ టికెట్. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలై, 2025లో 58కి, 2026లో 63కి చేరింది. దీనితో దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో తిరగవచ్చు, దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లలో చెల్లదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా కూడా ఇది చెల్లుతుంది. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు దీని రాయితీ రూపం ఉంది. ఇది ఎలాగూ జేబులో ఉన్న తెలుగు విద్యార్థులకు సరిహద్దు దాకా కొత్త ఖర్చు లేనట్టే.

కొనే క్రమం, జాగ్రత్తలు

ముందు దారి ఎంచుకోవాలి, తర్వాత అందులో ఏ రైలు పాత పట్టాల మీద పోతుందో చూడాలి. ఆ పైన స్థిర ఛార్జీ ముక్కలనూ, మారే ఛార్జీ ముక్కలనూ వేరుచేసుకోవాలి. మారే ఛార్జీ ముక్కలు అమ్మకం తెరవగానే కొనాలి, స్థిర ఛార్జీవి ప్రయాణం రోజున కొనవచ్చు. మధ్యవర్తి వెబ్‌సైట్లు కొన్ని సేవా రుసుము కలుపుతాయి. అంతిమ ధర రైల్వే సంస్థ సొంత వెబ్‌సైట్‌తో పోల్చుకోవాలి. భారతీయ బ్యాంకు కార్డుతో కట్టేవారు అందులో అంతర్జాతీయ లావాదేవీల అనుమతిని ముందే తెరిచి ఉంచుకోవాలి.

ఇటలీలో కాగితం ప్రాంతీయ టికెట్‌ను బండి ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. ఫోన్‌లో కొన్న టికెట్‌కు ఎక్కేముందు చెక్-ఇన్ చేయాలి. ఇది మరిచినవారికి టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. పేరు ముద్రించిన రాయితీ టికెట్ తనిఖీలో పాస్‌పోర్టు అడగవచ్చు.

ఆలస్యాలు, ప్రయాణికుల హక్కులు

ముక్కలుగా కొన్న టికెట్లు చవకే గానీ వాటికి ఒక బలహీనత ఉంది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, విడి టికెట్ల మీద రెండో రైల్వేకు బాధ్యత ఉండదు. ఐరోపా సమాఖ్యలో 2023 జూన్ 7 నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధన ప్రకారం ఒకే రైల్వే సంస్థ దగ్గర ఒకే లావాదేవీలో కొన్న టికెట్లను ఏక ప్రయాణంగా లెక్కిస్తారు. గమ్యం చేరడంలో 60 నిమిషాలు లేదా అంతకు మించి ఆలస్యమైతే ఛార్జీలో 25 శాతం, 120 నిమిషాలు లేదా అంతకు మించితే 50 శాతం పరిహారం వస్తుంది. తీవ్రమైన వాతావరణం వంటి అసాధారణ కారణాలకు ఈ పరిహారం వర్తించదు. కనుక విడి టికెట్లు కొన్నవారు సరిహద్దు స్టేషన్‌లో కనీసం గంట, కొండ మార్గాల్లో రెండు గంటలు విరామం పెట్టుకోవడం క్షేమం. ఆ చోట తర్వాతి టికెట్ స్థిర ఛార్జీదైతే బెంగే లేదు, వెనక బండి ఎక్కవచ్చు.

వీసా, సరిహద్దు తనిఖీ

పైన చెప్పిన మార్గాల్లో బెల్‌గ్రేడ్–బార్ తప్ప మిగిలినవన్నీ షెంగెన్ (లోపలి సరిహద్దుల్లో మామూలుగా పాస్‌పోర్టు తనిఖీ లేని దేశాల కూటమి) పరిధిలోవి. ఒకే షెంగెన్ వీసా వాటన్నిటికీ సరిపోతుంది. మామూలు రోజుల్లో రైలు ఆగకుండానే సరిహద్దు దాటిపోతుంది. అయినా పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తాత్కాలిక తనిఖీలు పెట్టింది, పోలీసులు రైలు పెట్టెల్లోకి వచ్చి పత్రాలు చూడవచ్చు. సెర్బియా, మాంటెనెగ్రో షెంగెన్‌లో లేవు. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన షెంగెన్ వీసాతో అక్కడికి వెళితే తిరిగి షెంగెన్‌లోకి రావడం కుదరదు. ఈ దారి పట్టాలనుకునేవారు బహుళ ప్రవేశ వీసా తీసుకోవాలి.

రానున్న మార్పులు

సరిహద్దు కొండల కింద ఇప్పుడు కొత్త అడుగు సొరంగాలు తవ్వుతున్నారు. బ్రెన్నర్ కింద తయారవుతున్న 55 కిలోమీటర్ల సొరంగం పూర్తయ్యాక మ్యూనిక్–వెరోనా వేగవంతమైన రైళ్లు కనుమ ఎక్కవు. వియన్నాకు దక్షిణాన, యునెస్కో గుర్తించిన 1854 నాటి సెమ్మెరింగ్ దారి కింద కూడా ఇలాంటి సొరంగమే సిద్ధమవుతోంది. గొట్‌హార్డ్‌లో 2016 తర్వాత జరిగింది ఇదే: వేగం కోరినవారు సొరంగంలోకి వెళ్లారు, పాత పట్టాలు స్థానిక రైళ్లకు మిగిలాయి. వాసెన్ చర్చిని మూడుసార్లు చూపించే బండి ఆ స్థానిక రైలే, దానికి రిజర్వేషన్ అవసరం లేదు.